కీబోర్డు తప్పనుకున్నాను

అక్క పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తుంది. నాకు బందరులో ఉద్యోగం. ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లగానే ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల పందెం ఆడేవాళ్లం. నలభై దాటాక ఇదేం పిచ్చని బావ నవ్వేవాడు.

అక్కది కీబోర్డు, నాది కంట్రోలర్. కంట్రోలర్ మీది పుల్లని కొంచెం వంచితే కారు కొంచెమే తిరుగుతుంది. కీబోర్డు మీద బాణం మీట నొక్కితే పూర్తిగా తిరగడమే, సగం అనేది లేదు. అయినా అక్క ఆ మీటని టకటకా తడుతూ ఎంత కావాలో అంతే తిప్పేది. ఎప్పుడూ నేనే ఓడిపోయేదాన్ని.

"మీట నొక్కితే నొక్కినట్టు వేలికి తెలుస్తుందే. నీ పుల్ల ఎంత వంగిందో నీకే తెలీదు" అనేది.

పోయిన దసరా వెళ్లాక, కుడి మలుపు వచ్చినప్పుడల్లా అక్క కారు గోడకి గుద్దుకోవడం మొదలైంది. కీబోర్డు పాతబడిందన్నాను. కొత్తది తెచ్చాను. దాంతోనూ అంతే. "ఇప్పటికైనా ఒప్పుకో, కంట్రోలరే మేలు" అంటూ నాది ఆమె చేతిలో పెట్టాను. రెండో మలుపు దగ్గర అది జారి ఒళ్లో పడింది. నేను పకపకా నవ్వాను.

"నవ్వకే. కుడి చేతి చివరి రెండు వేళ్లూ నా మాట వినట్లేదు" అంది.

అప్పుడు చెప్పింది. కొన్నాళ్లుగా ఆ మోచెయ్యి నొప్పట, బట్ట మీద అచ్చు కుదురుగా పడటం లేదట. గీత ఒకచోట, రంగు ఇంకోచోట. పనిలోంచి తీసేస్తారన్న భయంతో బావకి కూడా చెప్పలేదట.

మర్నాడే బందరు తీసుకొచ్చాను. డాక్టరు ఆమె వేళ్ల మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. ఆయన లాగగానే అది వచ్చేసింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

అక్క నా వంక చూసింది. "దసరా ముందు నుంచండీ."

మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు. ప్రతి ఆదివారం ఆ చేతి పక్కనే కూర్చున్నదాన్ని నేను.

గుడివాడలో ఆపరేషన్ అయింది. నొప్పి తగ్గింది, పట్టు మాత్రం రాలేదు. "ఇంకాస్త ముందు తీసుకొచ్చుంటే బాగుండేదండీ" అన్నారు అక్కడి డాక్టరు, నన్ను బయటికి పిలిచి. ఆ మాట అక్కకి చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక, ఫోన్లో అయితే వేలు ఆనిస్తే చాలని, అందులో ఆడమని నా ఫోన్ ఇచ్చాను. "ఏం ముట్టుకున్నానో తెలియట్లేదే" అని పక్కన పెట్టేసింది. మళ్లీ ఆట ఊసెత్తలేదు.

మొన్న వెళ్లేసరికి ఎడమ చేత్తో పాత దుప్పటి మీద అచ్చులు వేస్తోంది. పువ్వులన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి.

"నేను ముందే చూడాల్సిందక్కా" అన్నాను.

"నేను మాత్రం చెప్పానా? ఆ అంచు గట్టిగా పట్టుకో, గుడ్డ జరిగిపోతోంది" అంది, తలెత్తకుండానే.

రెండు చేతులతో పట్టుకున్నాను.