పేరు కప్పిన చీటీ

నేను చెప్పే సంగతుల్లో సగం తీసేసి మిగతాది నమ్మాలని ఉదయగిరిలో నన్నెరిగిన వాళ్లంతా అంటారు. కొండ మీద కోటలో చిరుతపులికి సీతాఫలం ఒలిచి పెట్టానని చెప్పుకు తిరిగినవాణ్ని, కాదనలేను. ఇది మాత్రం ఏమీ తీసెయ్యకుండా వినండి. ఇందులో అబద్ధాలున్నాయి గానీ, అవి ఇప్పుడు చెబుతున్నవి కావు, అప్పుడు చెప్పినవి.

తొంభైల చివర్లో ఆత్మకూరు బస్టాండు దగ్గర, ఎరువుల కొట్టు పై అంతస్తులో ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అమెరికా ఆసుపత్రుల్లో ప్రతి జబ్బుకూ ఒక నంబరు ఉంటుందట. డాక్టరు రాసింది చదివి, లావాటి పుస్తకంలో వెతికి, ఆ నంబరు వేసేవాళ్లకు మద్రాసులో, హైదరాబాదులో ఉద్యోగాలట. మెడికల్ కోడింగ్ అన్నారు. డిగ్రీ తప్పి ఇంట్లో కథలు చెబుతూ కూర్చున్న నన్ను మా నాయన తీసుకెళ్లి అందులో చేర్చాడు. వారమంతా ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉండి, శనివారం మా ఊరి బస్సెక్కేవాణ్ని.

మాకు నేర్పించేది ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసి రిటైరైన ఒక నర్సు. అందరం సిస్టరమ్మా అనేవాళ్లం. మొదటి రోజే చెప్పేసింది.

"కాగితంలో లేనిది జరగలేదు. ఉండేది మీకు నచ్చకపోయినా జరిగినట్టే. మీ సొంత తెలివి చెప్పులతో పాటు బయట వదిలేసి రండి."

చెప్పులు వదిలేవాణ్ని. రెండోది వదలడం నా వల్ల కాలేదు. మర్రిపాడు మనిషి ఒకడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్న కాగితం వస్తే, చెట్టు మీద నుంచి పడినట్టు నంబరు వేశాను.

"చెట్టు యాడుండాది ఇందులో?" అంది సిస్టరమ్మ.

"మర్రిపాడంటే మేకలు గదమ్మా. మేకలంటే ఆకు. ఆకంటే చెట్టు."

"ఆ చెట్టు నీ తలకాయలో ఉండాది. దిగు."

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

అమెరికా కాగితాలు మాకెక్కడ దొరుకుతాయి? ఆ ఊరి ఆసుపత్రి నుంచి పాత ఓపీ చీటీలు తెప్పించి, రోగి పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి మాకిచ్చేది. ఒక శుక్రవారం నాకు ఐదు చీటీలు వచ్చాయి. నాలుగు వేసేశాను. ఐదోదాంట్లో ఊరు ఉదయగిరి అని ఉంది. వయసు నలభై ఎనిమిది. పని, చెక్క గరిటెలు చెక్కడం. మా ఊళ్లో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు కదా అనుకుంటూ కిందికి చదివాను. గోళ్లు పరీక్ష చేసినచోట డాక్టరు ఒక ముక్క రాశాడు: ఎడమ చూపుడువేలి కొన లేదు, పాత గాయం.

మా నాయనకు ఆ వేలి కొన ఉలి కింద పడి తెగినప్పుడు నేను రెండో క్లాసు. గుడ్డలో చుట్టి పట్టుకున్నది మా అమ్మ.

మూడు నెలల నుంచి దగ్గు. కఫంలో రక్తం. పది కిలోలు తగ్గాడు. రాత్రుళ్లు చెమటలు. ఎక్స్‌రే తీయించుకుని వారానికి రమ్మన్నారు. అడుగున, ఊపిరితిత్తుల క్యాన్సర్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. ముందు ఒక ప్రశ్నగుర్తు ఉంది గానీ, అది నా కంటికి ఆనలేదు. తారీఖు ఏడాది కిందటిది. వారానికి మళ్లీ వచ్చినట్టు వెనకవైపు ఏమీ లేదు.

ఇంత జబ్బు పెట్టుకుని ఇంట్లో ఒక్కమాట చెప్పలేదు ఈ మనిషి! పుస్తకంలో క్యాన్సర్ పేజీ తీసి నంబరు వేశాను.

మర్నాడు బస్సులో దర్గాకు పోయే జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్లంతా ఏఎస్ పేటలో దిగుతుంటే, నేనూ దిగి ఆ గడప పట్టుకుందామా అనిపించింది. అంత భయం నాకు అంతకుముందు లేదు.

ఇంటికి పోయేసరికి నాయన అరుగు మీద కూర్చుని గరిటెకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. చొక్కా నిండా చెక్కపొట్టు. దగ్గాడు. నేను లెక్కపెట్టాను, నాలుగుసార్లు. ఉమ్మడానికి లేచి కొళాయి దగ్గరికి పోతే వెనకాలే పోయి తొంగిచూశాను.

"ఏందిరా, పెళ్లిచూపులకు వచ్చినట్టు చూస్తా ఉండావు?" అన్నాడు.

నావల్ల కాలేదు. "నాయనా, నీకు రక్తం పడతా ఉండాదా?"

"రక్తమా? ఎవడు చెప్పినాడు?"

"ఆత్మకూరు ఆసుపత్రి చీటీ చూసినాను. నీదే. రక్తం పడతాది, పది కిలోలు తగ్గినావు అని ఉండాది."

నాయన గరిటె ఒళ్లో పెట్టుకుని పడీపడీ నవ్వాడు. "ఒరే, అది చెప్పింది నువ్వే గదరా!"

అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు ఆసుపత్రికి పోతే రోగి నోరు తెరవడు, తోడు వచ్చినవాడే చెబుతాడు. ఉన్నదున్నట్టు చెబితే మాత్రలిచ్చి పంపేస్తారు, గట్టిగా చెబితేనే సూది వేస్తారని అందరి నమ్మకం. ఏడాది కిందట నాయనకు దగ్గొస్తే తోడు పోయింది నేనే. పది రోజుల దగ్గును మూడు నెలలు చేసింది, కిలోలు తగ్గించింది, రక్తం పోయించింది అన్నీ నేనే. చెప్పిన కథలు గుర్తుపెట్టుకునే అలవాటు నాకెప్పుడూ లేదు.

"నువ్వు చెప్తా ఉంటే నాకే భయమేసింది రా," అన్నాడు నాయన. "ఎక్స్‌రే నీ అబద్ధాలకు గదా రాసినాడు, నాకెందుకని పోలా."

నేనూ నవ్వబోయాను. సగంలో ఆగిపోయింది.

"రాత్రుళ్లు చెమటలని ఉండాదే. అది నేను చెప్పలేదు నాయనా."

ఆయన గరిటె తిప్పితిప్పి చూశాడు. "అయితే నేనే చెప్పింటా," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు?"

"పడతాయి. దగ్గు కూడా పూరా తగ్గలా. పొట్టు వల్లేలే."

చీటీలో ఉన్నదంతా నిజమని వణికినప్పటి భయం ఒక రకం. ఏది నిజమో, ఏది నేను పోసిందో విడదీయలేని ఈ భయం ఇంకో రకం. ఇదే ఎక్కువ.

సోమవారం సిస్టరమ్మ నా చీటీ ఎర్రపెన్నుతో కొట్టేసి ఉంచింది. "ప్రశ్నగుర్తు కనపడలేదా? ఓపీలో అనుమానానికి నంబరు వేయగూడదని ఎన్నిసార్లు చెప్పినాను? దగ్గుకు వేయి, అంతే."

"సిస్టరమ్మా, ఆ దగ్గు మా నాయనది," అని మొత్తం చెప్పేశాను. ఒక్కటీ కలపలేదు.

తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రేపే తీసకరా మీ నాయన్ని. లోపల నువ్వు నోరు తెరిచినావంటే నీ పేరు కొట్టేస్తా."

మర్నాడు ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చున్న నాయన, డాక్టరు అడగ్గానే అలవాటుకొద్దీ నా వైపు చూశాడు. నేను జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాను. సిస్టరమ్మ నా పక్కనే నిలబడింది.

"దగ్గు సార్," అన్నాడు నాయన. "సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగా ఉంటాది. అన్నం పోదు."

చాలా చిన్న కథ. నేనైతే ఇంకా పెంచేవాణ్నని అలాంటప్పుడు కూడా అనిపించింది, నన్నేం చేయాలి?

ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్షకు పంపారు. రెండు రోజుల తరువాత డాక్టరు ఫిలిం కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"టీబీ. క్యాన్సర్ కాదు. మాత్రలు నెలల తరబడి మింగాలి, మధ్యలో మానకూడదు. పోయినేడే వచ్చి ఉంటే ఇంకా తేలిగ్గా పోయేది."

చీటీ మీద ఈసారి ప్రశ్నగుర్తు లేదు. నాయన పేరు మీద కాగితం ముక్క అంటించి సిస్టరమ్మ నా ముందు పెట్టింది. పుస్తకం తీయకుండానే నంబరు వేశాను. ఎర్రపెన్ను కదల్లేదు.

నాయన మాత్రలన్నీ మింగి బాగుపడ్డాడు. ఇప్పుడు అరుగు మీద ఎవరు కూర్చున్నా ఈ కథ చెబుతాడు. ఆయన కథలో రక్తం బకెట్టు నిండింది, డాక్టరు మూర్ఛపోయాడు, కొడుకు అబద్ధమాడి తండ్రిని బతికించుకున్నాడు. నా అబద్ధం వల్ల ఎక్స్‌రే తీయించకుండా గడిచిపోయిన ఏడాది ఆ కథలో రాదు. కావాలనే వదిలేస్తాడని నాకు తెలుసు. ఆయన చెబుతున్నంతసేపూ నేను తలూపుతూ కూర్చుంటాను.