విమలక్క ఇంట్లో మోగని గంట

నిన్న తార్నాకలో బస్సు దిగగానే ఏ ఇంట్లోంచో పోపులో వేగుతున్న కరివేపాకు వాసన వచ్చింది. నాకది ఆదివారం ఉదయపు వాసన, విమలక్క ఇంటి వాసన. అక్క బ్యాంకు ఉద్యోగి. హాల్లో సోఫా గోడకు జరిపి, చాపలు పరిచి, క్యాంపస్ హాస్టళ్ల నుంచి వచ్చే మాలాంటివాళ్లతో ధ్యానం చేయించేది. బుద్ధుడి బొమ్మ టీవీ పక్కనే ఉండేది. చివర్లో అందరికీ ఉప్మా.

ఉప్మాకు ముందు ఒక ఆచారం ఉండేది. గుండ్రంగా కూర్చుని, ఆ వారం మనసులో మెదిలిన మాట ఒక్కొక్కరూ చెప్పాలి. కర్నూలు నుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చిన నాకు డైరీలో పేజీలు నింపడం తెలుసు గానీ, పదిమందిలో నోరు పెగలదు. నా వంతు దగ్గరపడే కొద్దీ ధ్యానంలో దొరికిన నెమ్మది కాస్తా ఆవిరయ్యేది. ఒక ఆదివారం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "ఇంక నేను రానక్కా" అన్నాను. ఆ ఊళ్లో హాస్టల్ బయట నాకున్న చోటు అదొక్కటేనని తెలిసీ అన్నాను.

"మాట్లాడాల్నని భయమా? మాట్లాడకు. ఇయ్యాల గంట నువ్వు కొట్టు" అంటూ, ధ్యానం ముగింపులో గంటలా మోగించే కంచుగిన్నె, చిన్న కర్ర నా చేతిలో పెట్టింది అక్క. "టైం అయినంక ఒక్కసారి కొడితే చాలు."

టైం అయింది. అందరూ కళ్లు మూసుకుని ఎంత నిమ్మళంగా ఉన్నారంటే, వాళ్లను కదిలించడానికి నాకు మనసొప్పలేదు. కర్ర ఎత్తడం, దించడం. గడియారం ముల్లు దాని దారిన అది పోతూనే ఉంది. ఎవరి కడుపో గట్టిగా మూలిగింది. చివరికి సీతాఫల్‌మండి నుంచి వచ్చే నరేశ్ ఒక కన్ను తెరిచి, "అక్కా, కాళ్లు ఉన్నయో పోయినయో తెలుస్తలేదు" అన్నాడు.

అక్క పకపకా నవ్వింది. "ఏందమ్మా, మమ్మల్ని గిట్లనే నిర్వాణానికి పంపుదామనుకున్నవా?"

"లేదక్కా, మీరంతా నిద్రపోయే పసిపిల్లోళ్ల మాదిరి ఉంటిరి. లేపబుద్ధి కాలేదు."

హాలంతా గొల్లుమంది. అక్క మాత్రం నరేశ్ వైపు తిరిగి, "ఈమె మాట అయిపోయింది. ఇగ నీది చెప్పు" అంది. నేను మాట్లాడానన్న సంగతి అప్పుడుగానీ నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆదివారాలు మానలేదు. మాట్లాడిన వారాలూ ఉన్నాయి, ఊరుకున్న వారాలూ ఉన్నాయి. అక్క ఉప్మా వడ్డించడంలో ఏ తేడా చూపలేదు.

ఇప్పుడు నేనూ కాలేజీలో పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే అమ్మాయిని ప్రశ్న వేసి లేపను. సుద్దముక్క చేతికిచ్చి, బోర్డు మీద తేదీ రాయమంటాను. మొన్న ఒకమ్మాయి తేదీ రాసి, వెనక్కి వెళ్లకుండా అక్కడే నిలబడి, "మేడం, నాదొక డౌటు ఉన్నది" అంది.

"చెప్పమ్మా" అని, ఆమెకు చోటు వదిలి పక్కకు జరిగాను.