చివరి మాట అందని రోజులు

ఆ ఉదయం మగ్గం గుంటలో కూర్చుని నా భార్య లక్ష్మమ్మతో మాట్లాడుతున్నాను. "వనపర్తి షావుకారు మొన్న అడిగిన ఎర్రంచు చీర..." అన్నాను. ఆ చీరను ఏం చేయాలో చెప్పే మాట రాలేదు. పోగు నేసే నాడె కుడిచేతిలోంచి జారిపోయింది.

దవాఖానలో డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి బ్లడ్ ప్రెషర్ చూశాడు. "ఇది పెరాలిసిస్. చెయ్యి మాలిష్ చెయ్యాలె. మాట తిరిగొస్తది, తొందర పడకు" అన్నాడు.

చెయ్యి ముందు కోలుకుంది. మాటే మొండికేసింది. ఎవరన్నది మొదట చెప్పి, నడుమ నాలుగు సంగతులు పెడితే, ఏం చేశారన్నది చేరేలోపే మొదలు మరిచిపోయేవాణ్ణి. లక్ష్మమ్మ పొడుగ్గా చెప్పినా అంతే. ఒకనాడు కోపంతో చెంబు విసిరాను. ఆమె దాన్ని తీసి, నీళ్లు నింపి, మళ్లీ నా పక్కనే పెట్టింది. ఆ సిగ్గుతో రోజూ పట్టుబట్టి మాటలు కూడబలుక్కున్నాను.

బాగున్నప్పుడు నావన్నీ పొడుగు మాటలే. నా తమ్ముడు వెంకటయ్యను పనివాళ్ల ముందు సోమరి అని తిప్పి తిప్పి ఎత్తిపొడిచాను. అతడు అమరచింత పోయి కూలికి నేస్తున్నాడు. నాకు జబ్బు చేశాక ఒకరోజు తన మగ్గం సామాను తీసుకుపోవడానికి ఎద్దుల బండితో వచ్చాడు. అది పోతే ఇక తిరిగిరాడని నాకు తెలుసు.

"అమ్మ పోయినంక నిన్ను పెంచిన మీ వదిన మొఖం చూసి, నేనన్న మాటలు..." అన్నాను. తెగింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తెగింది. వెంకటయ్య మగ్గం పలకలు బండిలో పెడుతూనే ఉన్నాడు.

"పోగు తెగితే ఆ మూలకు ఉరుకుతమా?" అంది లోపలి నుంచి లక్ష్మమ్మ. "దగ్గరి కొన పట్టుకో."

గట్టిగా ఊపిరి తీసుకున్నాను. "తప్పు నాది. నువ్వుండు."

వెంకటయ్య చేతిలోని పలక కిందికి దించాడు. "గింతేనా అన్నా? గీ ముచ్చటకు గంత దూరం తిప్పినవా?" అన్నాడు. తరువాత లోపలికి చూసి, "వదినా, జర అంబలి పొయ్యి. ఎద్దులను విప్పొస్త" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం పక్కపక్కనే నేస్తున్నాం. నా మాటలు ఇంకా పొట్టివే. నాకవి చాలు.

మీ ఇంట్లో ఇట్లాంటి రోగి ఉంటే, "చిన్నాయన కొడుకు నిన్న సంతలో ఎద్దులు కొని పొద్దుపోయినంక వచ్చిండు" అనకండి. "చిన్నాయన కొడుకు వచ్చిండు" అని ఆగండి. ఎద్దుల సంగతి తరువాత చెప్పండి. రోగి మాట్లాడుతుంటే మీరు మాట అందించకండి. తన కొన తననే పట్టుకోనివ్వండి.