తరాజులో తేలిపోయిన బ్యాటరీ

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకో చిన్న షాపుంది. ఫోన్ కవర్లు, చార్జర్లు, కెమెరా బెల్టులు, బ్యాటరీలు అమ్ముతాను. అన్నీ డూప్లికేటే. ఈ షాపులో ఒరిజినల్ నేనొక్కణ్ణే అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మార్కండేయ పుణ్యమా అని ఆ మాట మానేశాను.

మార్కండేయ, నేను బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. హైదరాబాద్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాడు టెస్టర్. ఇతరులు చేసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి రాసి పంపడం వాడి పని. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. వాడి దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు వాడికే మేనేజర్లయ్యారు. కరోనా నుంచి ఇక్కడే, కామారెడ్డిలో ఇంటి దగ్గరే పనిచేస్తున్నాడు. మొన్న కంపెనీవాళ్ళు ఒకటో తారీఖుకల్లా ఆఫీసుకు రావాలని, లేదంటే మానుకోవాలని రాశారు. పెళ్ళి ఫొటోలు తీసి బతకగలనా అని వాడు పాత కెమెరా ఒకటి కొన్నాడు. మొదటి పెళ్ళి ఎల్లారెడ్డిలో.

"ఇంకో బ్యాటరీ కావాలె రా. మంచిగ నడుస్తదా?" అని అడిగాడు.

"సేమ్ టు సేమ్. కండ్లు మూస్కొని తీస్కపో" అన్నాను.

నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకుపోయాడు. అందరి తప్పులూ పట్టేవాడు దాన్ని ఒక్కసారైనా నడిపి చూడలేదు. నా మీద నమ్మకం మరి.

పెళ్ళిలో చార్జింగ్ సగానికి పైగా ఉందని కెమెరా చూపిస్తూనే ఉంది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఆరిపోయింది. సంచిలోంచి పాత బ్యాటరీ తీసి కెమెరాలో వేసేలోపు ముహూర్తం దాటింది. ఫొటోలకు తనను పిలిచిన పెళ్ళికూతురి నాయనమ్మ లింగవ్వకు ఈ సంగతి చెప్పే ధైర్యం లేక బస్సెక్కి వచ్చేశాడు.

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళమ్మ గంగమణి నా షాపు మెట్లెక్కింది. ఆమె బీడీలు చుడుతుంది. కార్ఖానాలో ఇచ్చిన తంబాకును ఇంటికి తెచ్చి మళ్ళీ తూచుకునే చిన్న తరాజు సంచిలోంచి తీసింది. ఒక పళ్ళెంలో కెమెరాతో వచ్చిన బ్యాటరీ, రెండో దాంట్లో నేనమ్మింది పెట్టింది. నాది తేలిపోయింది.

"లేబుల్ ఏదైతేంది బిడ్డా. మేం చుట్టిన బీడీలకు గూడ లేబుల్ కార్ఖానలనే అతికిస్తరు. లోపట తంబాకు ఉండాలె గద."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను. చాలా సిగ్గేసింది.

మార్కండేయ తరాజు మీంచి చూపు తిప్పలేదు. "తొమ్మిదేండ్ల నుంచి తప్పులు రాసి పంపుతున్న. ఒక్కడు సదివి జవాబియ్యలే. రాసుడు మిగిలింది, చూసుడు ఎప్పుడో ఇడిసిపెట్టిన. అవ్వా, నన్ను గూడ ఓసారి తూకమెయ్యి" అన్నాడు.

గంగమణి పళ్ళేలు కొంగుతో తుడిచింది. "కట్టల పది బీడీలు మంచిగ లేకుంటే కార్ఖానల తీసి పక్కకేస్తరు. నాకు కోపమస్తది. గాని గాడ చూసేటోడు ఒకడున్నడు గద. నీ ఆఫీసుల గా చూసేటోడే లేడు" అంది. తరాజును సంచిలో పెడుతూ, "ముందుగాల పోయి గా ముసలామెకు నిజం చెప్పు" అంది.

ఎల్లారెడ్డికి నేనూ వెళ్ళాను. లింగవ్వ అంతా విన్నది.

"నా కండ్లు మసక. పెండ్లి సరిగ కనవడలే. ఫొటోలు దగ్గర పెట్టుకొని చూద్దామనుకున్న" అంది. మళ్ళీ ఆమే అంది, కోపం తగ్గకుండానే: "మాఘమాసంల చిన్న మనుమరాలి పెండ్లున్నది. గప్పుడు తియ్యి. బ్యాటరీ చూస్కొని రా."

తిరిగొచ్చాక మార్కండేయ నా బ్యాటరీలన్నిటినీ చార్జ్ చేసి, ఆరిపోయేదాకా నడిపి, తూచి, సగం అమ్మడానికి పనికిరావన్నాడు. నిజం చెప్పాలంటే నా కడుపు మండింది. అయినా వాటిని మళ్ళీ అరలో పెట్టలేదు.

ఒకటో తారీఖు పొద్దున తరాజు పట్టుకుని షాపుకొచ్చాడు.

"మరి ఆఫీసు?" అని అడిగాను.

"మానేస్తున్ననని నిన్న మెయిల్ పెట్టిన."

"జవాబచ్చిందా?"

"పది నిమిషాలల్ల అచ్చింది. తొమ్మిదేండ్లల్ల నేను రాసినదాంట్ల వాండ్లు సదివింది గదొక్కటే."

అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొత్తగా వచ్చిన బ్యాటరీల పెట్టె వాడి ముందుకు జరిపాను.