పాల పొంగు బాకీ

మా అత్తగారికి బ్యాంకంటే నమ్మకమే. మామగారు పోయాక ఆయన పెన్షన్ పడేది అక్కడే, నెల మొదట్లో తనే వెళ్ళి తెచ్చుకునేది. ఆవిడకు నమ్మకం లేనిది అప్పిచ్చే బ్యాంకు మీద. రెండూ ఒకే భవనంలో, ఒకే ఫ్యాను కింద ఉంటాయంటే ఒప్పుకునేది కాదు.

అప్పట్లో మేం పంజాగుట్టలో ఒక సందు లోపల చిన్న పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నేను గుంటూరు వైపు నుంచి అమీర్‌పేటకు కంప్యూటర్ కోర్సు నేర్చుకుందామని వచ్చి, నేర్చుకున్న చోటే పాఠాలు చెబుతూ స్థిరపడిపోయినదాన్ని. తెల్లవారుతూనే మొదటి బ్యాచ్. డిగ్రీ చదివిన పిల్లలందరూ మా ఇన్‌స్టిట్యూట్ మెట్లే ఎక్కుతున్నారా అనిపించే రోజులవి. వాళ్ళకు ఉద్యోగాలొస్తున్నాయి, మాకు జీతాలు పెరుగుతున్నాయి, ఊళ్ళో ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మేమూ యూసుఫ్‌గూడలో ఒక ఫ్లాటు చూసుకున్నాం. వంటింటి కిటికీ తూర్పుకుందని అత్తగారు తెగ మురిసిపోయింది.

ఆ మురిపెం బ్యాంకుకు వెళ్ళేదాకానే.

"నేను సుత వస్త. ఇల్లు నాక్గూడ గదా" అని ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని మాతో బయల్దేరింది. లోను చూసే ఆఫీసరు గోదావరి వైపు మనిషి, మాటకో 'అండి' తగిలించందే ఊపిరి తీసుకోడు. ముగ్గురికీ టీ తెప్పించి ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పుకుంటూ పోయాడు. మార్జిన్ మనీ అంటే ఇంటి ధరలో మన చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా. అది ఆవిడకు సబబుగానే తోచింది. "మనం కొంత వెట్టకుంటే ఎవడు నమ్ముతడు?" అంది. ఈఎంఐ అంటే అసలూ వడ్డీ కలిపి నెలనెలా కట్టే వాయిదా. మొదటి సంవత్సరాల్లో అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందని, అసలు మెల్లగా తరుగుతుందని ఆయన చెబితే, ఆవిడ మా వైపు తిరిగి "గట్లనే ఉంటది. ముందుగాల వడ్డీ తిన్నంకనే అసలు ముట్టుకుంటరు" అని మాకు మళ్ళీ చెప్పింది.

ఫ్లోటింగ్ రేటు దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది.

"వడ్డీ రేటు పెరగొచ్చండి, తగ్గొచ్చండి. మార్కెట్‌ని బట్టి మారుతూ ఉంటుందండి."

"నువ్వు పుట్టినకాడికెల్లి తగ్గింది ఏదన్న జూసినవా కొడకా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు పాపం. ఆ తర్వాత, గడువుకు ముందే మొత్తం అప్పు తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ పడుతుందన్నప్పుడు ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. "అప్పు కట్టకుంటే జుర్మానా అని ఇన్న. కడితే సుత జుర్మానానా?" పక్క టేబుళ్ళ వాళ్ళు నవ్వారు. మా ఆయన కాళ్ళ చెప్పులు చూసుకున్నాడు. నాకు మాత్రం ఆవిణ్ణి అక్కడే వాటేసుకోవాలనిపించింది, ఎందుకంటే ఆ మాట మేమిద్దరం అడగాల్సింది, చదువుకున్నామన్న మొహమాటం కొద్దీ అడగలేదు.

చివరికి అసలు మాట వచ్చింది. "లోను తీరేదాకా ఇంటి ఒరిజినల్ కాగితాలు మా దగ్గర ఉంటాయండి. ఇల్లు బ్యాంకుకి తనఖా అన్నమాట."

"అంటే కుదువ వెడుతున్నరా?"

"కాగితాలే మా దగ్గరండి అమ్మగారూ. ఇల్లు మీదేనండి."

"నా కడియాలు సుత నీయే అన్నడు సేటు" అని ఆవిడ లేచి నిలబడింది.

ఆ కడియాల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళినాటి వెండి కడియాలు. వానలు పడని ఒక ఏడు బావి పూడిక తీయించడానికి మామగారు వాటిని సేటు దగ్గర కుదువ పెట్టారు. వడ్డీ పెరిగింది, విడిపించుకోలేక కడియాలు మునిగిపోయాయి. బావిలో నీళ్ళు కూడా పడలేదు. అప్పటినుంచీ ఆవిడకో నియమం: కుదువలో ఉన్న వస్తువును నాది అని నోటితో అనకూడదు. అలాంటిది, కుదువ ఇంట్లో పాలు పొంగించి గృహప్రవేశం చేయడమా? "కుదువ ఇంట్ల పాలు పొంగిస్తే లచ్చిమి వోయి సేటింట్ల కూసుంటది" అని తేల్చేసింది.

బయటికి నడుస్తూ ఆగి ఆఫీసర్ని అడిగింది. "ఎన్నేండ్లు?"

"పదిహేనండి. టెన్యూర్ అంటామండి."

"గప్పటిదాంక నేనుంటనా?"

బస్సు ఎన్నింటికి అన్నట్టు అడిగింది, అంతే.

ఇంటికొచ్చాక, లోను తీసుకుంటే తీసుకోండి, ఆ ఇంటికి మీరు పోండి, నేను మెహదీపట్నంలో కూతురి దగ్గరుంటా, కాగితాలొచ్చినాక వస్తా అని కూర్చుంది. మా ఆయన ఆమెకు కాగితం మీద లోను లెక్కలు వేసి నచ్చజెప్పబోయి చివాట్లు తిన్నాడు. నాకేమో బెంగ పట్టుకుంది. పెళ్ళితో నాకు దొరికిన మంచి మనిషి మా ఆయన అని అందరికీ చెప్పేదాన్ని, నిజానికి ఆవిడ. నా భాషను వెక్కిరిస్తూనే, నేను చీకటితో బయల్దేరేసరికి వేడివేడిగా టిఫిన్ డబ్బా కట్టిచ్చేది. "ఏంటీ ఏంటీ అనుకుంట పొయ్యి పిల్లల్ని బెదిరియ్యకు" అని సాగనంపేది. ఆవిడ లేని తూర్పు కిటికీ నాకెందుకు?

ఒకరోజు కూరగాయలు తరుగుతూ అడిగాను. "అత్తయ్యా, కుదువలో ఉన్నప్పుడు మీ కడియాలు తోమమని సేటు మిమ్మల్ని పిలిచాడా?"

"నేనెందుకు తోముత?"

"ఈ ఇంటికి సున్నం మనమే వేయించాలి, నల్లా బిల్లు మనమే కట్టాలి, ఇంటి పన్నూ మనమే. బ్యాంకు వాళ్ళొచ్చి ఒక్కరోజు ఊడ్చి పోరు. కుదువ సొమ్ముకు ఇంత చాకిరీ ఎవరైనా చేస్తారా?"

ఆవిడ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. బెండకాయలు మరీ సన్నగా తరిగింది. ముహూర్తం దగ్గర పడ్డాక తనంతట తనే చెప్పింది. "వస్త బిడ్డా. గని పాలు పొంగనియ్య. అంచుదాంక రానిస్త, దింపేస్త. పొంగు బాకీ. కాగితాలొచ్చినంక తీరుస్త."

అన్నట్టే చేసింది. గృహప్రవేశం నాడు పాలు ఉబ్బి గిన్నె అంచుకొచ్చేసరికి గుడ్డతో పట్టుకుని టక్కున దింపేసింది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయి "అదేంటమ్మా, పొంగాలి కదా!" అన్నారు. మా అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "బాకీ ఉన్నది పంతులూ, నువ్వు కానియ్యి" అంది అత్తగారు.

అక్కడితో అయిపోతుందనుకున్నాం. పొంగు బాకీ అంటే రోజువారీ పాలకు కూడా వర్తిస్తుందని తర్వాత తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి ఫోనెత్తడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆవిడ ఏ గదిలో ఉన్నా, పూజలో ఉన్నా, "పాలు!" అని కేక పెట్టి పరుగెత్తుకొచ్చేది. చుట్టాలు మా ఇంట్లో పాలపొయ్యి దగ్గరి కాపలా చూసి నవ్వుకునేవారు. నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది. అయినా ఆ ఇంట్లో ఒక్క చుక్క పొంగలేదు.

కొన్నేళ్ళకు ఆవిడ మాటే నిజమైంది. ఫ్లోటింగ్ రేటు పెరిగింది. బ్యాంకు ఈఎంఐని అలాగే ఉంచి, కట్టాల్సిన కాలాన్ని పొడిగించింది. అంటే కాగితాలు ఇంకా దూరం జరిగాయి. ఆవిడతో చెబితే "నేను జెప్పలే?" అని గెలిచినట్టు నవ్వింది. కానీ ఆ సాయంత్రం "పాలు!" అన్న కేక ముందొచ్చింది, మనిషి చాలాసేపటికి వచ్చింది, గోడ పట్టుకుని. గిన్నె నేనే దింపాను. మోకాళ్ళు రుద్దుకుంటూ పొయ్యి వైపే చూసింది.

ఆ వారమే శని ఆదివారాల బ్యాచ్‌లు ఒప్పుకున్నాను. మా ఆయన స్కూటరు మార్చుకోవడం మానుకున్నాడు. మిగిలినప్పుడల్లా తీసుకెళ్ళి అసలులోకి జమ చేయించేవాళ్ళం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ గోదావరి ఆఫీసరే ఉన్నాడు.

"పార్ట్ పేమెంటుకి చార్జీ లేదండి, అమ్మగారితో చెప్పండి" అని నవ్వి అడిగాడు. "ఈఎంఐ తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా? ఈఎంఐ తగ్గిస్తే నెలనెలా కాస్త వెసులుబాటుగా ఉంటుందండి."

"కాలమే తగ్గించండి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి కంప్యూటర్ వైపు తిరిగాడు. "అమ్మగారు బావున్నారాండి?" అన్నాడు. తలూపాను.

అలా పదిహేనేళ్ళు నిండకముందే అప్పు తీరింది. కాగితాలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాం. కళ్ళు సరిగా ఆనవు, అయినా ఒక్కో కాగితం తడిమి చూసి దేవుడి దగ్గర పెట్టించింది. గృహప్రవేశం నాటి పట్టుచీర తీయించి కట్టుకుంది. మా ఆయన ఒక భుజం, నేను ఒక భుజం పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాం.

పాలు కాగుతున్నాయి. మీగడ కట్టింది, వణికింది, పైకి లేచింది. ఆవిడ చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెళ్ళింది. నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "అత్తయ్యా, వదిలేయండి."

పాలు పొంగాయి. గిన్నె చుట్టూ కారి, మంటనార్పి, గట్టు మీదుగా నేలకు జారాయి. నేను స్టవ్ కట్టేసి ఏడ్చేశాను. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ మాత్రం కారుతున్న పాలను తృప్తిగా చూసి, నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది.

"ఇంకో పాకెట్ ఉన్నదా బిడ్డా? బాకీ మస్తున్నది."