లిస్బన్‌లో హారన్ కొడితే

దుబాయ్‌లో చాయ్ కొట్టు ముందు కారాపి హారన్ కొడితే చాలు, చాయ్ కారు దగ్గరికే వస్తుంది. కరోనాకి ముందు లిస్బన్ వెళ్లినప్పుడు, ఆ అలవాటుకొద్దీ మా ఆయన ఒక కాఫీ కొట్టు ముందు హారన్ కొట్టారు. చాయ్ రాలేదు సరికదా, పై అంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ అరిచిన అరుపులకి అక్కణ్ణుంచి ఒకటే పరుగు!

మొన్న వేసవిలో పాపని తీసుకుని మళ్లీ వెళ్లాం. అదే వీధి, అదే కొట్టు. కాని ఇప్పుడు అద్దం వెనక పెద్ద గిన్నెలో చాయ్ మరుగుతోంది!

"ఏవండీ, చెయ్యి జాగ్రత్త!" అనేలోపే హారన్ మోగింది.

లోపల్నుంచి ఒకతను నవ్వుతూ పరిగెత్తుకొచ్చాడు. "కిత్నా చాయ్, భాయ్? దుబాయ్ సే?"

షార్జాలో సజ్జా లేబర్ క్యాంపుల దగ్గర చాన్నాళ్లు చాయ్ అమ్మిన బంగ్లాదేశ్ మనిషట. ఈ హారన్ విని ఎంత కాలమైందో అంటూ హిందీలో ఒకటే సంబరం, మా ఆయన చెయ్యి వదలడు.

ఇంతలో పైన కిటికీ తెరుచుకుంది. అదే ముసలావిడ!

"ఖలాస్, అయిపోయాం!" అన్నాను.

ఆవిడ మావైపు చూడనైనా లేదు. తాడు కట్టిన బుట్టని మెల్లగా ఆ చాయ్ అతని ముందుకి దించింది. అందులో ఖాళీ ఫ్లాస్కు ఉంది.