నాగలి పెట్టని మూల

వేసవి సెలవులు ఇచ్చారంటే నేను ఏలూరులో ఒక్కపూట కూడా నిలిచేదాన్ని కాదు. నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడగానే చింతలపూడి బస్సెక్కి, మా పెద్దమ్మ ఇంటి ముందు దిగేదాన్ని. డెల్టాలోని మా బంధువులకి మెట్ట ఊళ్ళంటే చిన్నచూపు. నాకు మాత్రం అక్కడి ఎండ కూడా ముద్దే. నా జుట్టు నెరుస్తున్నా పెద్దమ్మకి నేను చిన్నపిల్లనే. పెరుగన్నంలో మామిడిపండు పిండి, ముద్దలు చేసి చేతిలో పెట్టేది. ఆ ముద్దల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

అన్ని వేసవుల్లోనూ తవ్వకాల వేసవే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది. పెదనాన్న తన చేలో ఒక పక్క పామాయిల్ మొక్కలకి గుంటలు తీయిస్తుంటే, నున్నగా సానపట్టిన రాతి గొడ్డళ్ళు, బూడిదరంగు కుండపెంకులు బయటపడ్డాయి. సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఎక్కడో యూనివర్సిటీ నుంచి ఒక మేడం తన విద్యార్థులతో దిగింది. ఇనుమంటే ఏమిటో తెలియని కొత్త రాతియుగంలోనే ఇక్కడ మనుషులు ఇళ్ళు కట్టుకుని, పశువుల్ని మేపుకుని బతికారని ఆవిడ చెప్తే ఊరంతా బుద్ధిగా తలూపింది. ఆవిడ అటు తిరగ్గానే, వీళ్ళు లంకెబిందెల కోసమే వచ్చారని తేల్చేసింది.

పెదనాన్న మంచివాడే గాని, చేలో ఒక్క మొక్కజొన్న కంకి పోయినా ఆయనకి అన్నం సహించదు. భోజనాల దగ్గర మేడం తవ్వడానికి చోటడిగితే మహా ఉదారంగా ఈశాన్యం మూల చూపించాడు.

"అక్కడ మేం ఎప్పుడూ నాగలెట్టలేదండి. అడుగున రాయుందని మా నాన్నగారు చెప్పేవారు. మీ ఇష్టమొచ్చినట్టు తవ్వుకోండి, ఆయ్!"

మేడం మొహం వెలిగిపోయింది. దున్నని నేలలో అడుగున ఉన్నవి చెదరకుండా ఉంటాయట. వడ్డిస్తున్న పెద్దమ్మ చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది.

మర్నాడు గోంగూర వలుస్తూ పెద్దమ్మ నాకు చెప్పింది. ఆవిడ తొలిచూలు కొడుకు నెల తిరక్కుండానే పోయాడు. మాలో పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. ఇంటి పెద్ద ఒక్కడే తీసుకెళ్తాడు. చోటు తల్లికి చూపించరు. చూపిస్తే అక్కడే కూర్చుని ఏడుస్తుందని భయం.

"మా మావగారు తీసుకెళ్ళారే. ఎక్కడన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ మూల దాటేటప్పుడల్లా చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. నాకింక ఎవరు చెప్పాలి?"

"పెదనాన్నకి చెప్పి ఆపించు మరి!" అని కసిరాను.

"రాయుందనే అనుకుంటున్నారు పాపం ఆయన. ఈ వయసులో మళ్ళీ ఏడిపించమంటావేంటే?"

నా నోరు కట్టేయడానికి చేతిలో ఒట్టు వేయించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డ పోయినప్పుడూ నోరెత్తలేదు, వాడిని పెకలిస్తుంటేనూ నోరెత్తదా?

ఆ రోజు నుంచి పెద్దమ్మ మజ్జిగ బిందె పట్టుకుని గట్టు మీద గొడుగేసుకుని కూర్చునేది. యూనివర్సిటీ పిల్లలు మేకులు పాతి, తాళ్ళు కట్టి గళ్ళు చేసుకుని, పొర తర్వాత పొర గీకుతూ, కుంచెలతో మట్టి దులుపుతూ పాటలు పాడుకునేవారు. నా చేతికీ ఒక కుంచె ఇచ్చారు. ఆ గుబులే లేకపోతే నా జీవితంలో అంత హాయైన సెలవులు లేవు.

"మీ పెద్దమ్మ లంకెబిందెలకి కాపలా కాస్తుందే!" అని పెదనాన్న నవ్వేవాడు. ఆయన్ని కొరికేద్దామన్నంత కోపం వచ్చేది నాకు.

ఒక పొద్దున గట్టి నేల ఒకటి తేలింది. దాని కింద, మూతిమీద చట్టి బోర్లించిన కుండ. మేడం చట్టి తీసి, లోపలి మట్టిని కుంచెతో మెల్లగా తోసింది. పుల్లల్లాంటి సన్నటి ఎముకలు కనిపించాయి.

"పసిబిడ్డ," అంది.

పెద్దమ్మ గొడుగు పారేసి గోతిలోకి దిగిపోయింది. "ఆపండమ్మా! వాడు నా కొడుకు."

పాటలు ఆగిపోయాయి. అన్నేళ్ళు దాచుకున్న మాట పెద్దమ్మ అందరి ముందూ చెప్పేసింది. పెదనాన్న అలాగే మట్టిలో చతికిలపడ్డాడు. "నాన్నగారు నాక్కూడా చెప్పలేదే," అంటూ పైపంచె నోట్లో కుక్కుకున్నాడు.

మేడం పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "బాబుని కుండలో పెట్టారా అమ్మగారూ?"

"లేదమ్మా. నా పాత చీరలో చుట్టి నేనే ఇచ్చాను."

"అయితే వీడు మీవాడు కాదండీ. ఇది కుమ్మరి సారె మీద కాకుండా చేత్తో చేసిన కుండ, వేల ఏళ్ళ నాటిది. మీ బాబు పక్కనెక్కడో ఉండి ఉంటాడు. మేమిక అటు రాము."

ఆవిడే లేచి, అటువైపు పాతిన మేకులన్నీ ఊడబీకింది. పెదనాన్న మొహం తుడుచుకుని, కంకులతో నిండుగా ఉన్న నడిచేను వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ తవ్వుకోండమ్మా. కంకులు పోతే పోనివ్వండి."

పెద్దమ్మ ఆ కుండ దగ్గర్నుంచి కదల్లేదు. చీర చెంగుతో దాని అంచు మట్టి తుడుస్తూ అడిగింది.

"వీడి తల్లికైనా చూపించారామ్మా, ఎక్కడెట్టారో?"

"చూపించడమేంటండీ, ఇంట్లోనే పెట్టుకునేవారు. ఈ గట్టి నేల వాళ్ళ ఇల్లే. తాము పడుకునే చోటే, కింద పెట్టుకున్నారు."

పెద్దమ్మ ఆ నేల మీద అరచెయ్యి ఆన్చింది.

"పుణ్యాత్మురాలు," అంది. "రోజూ పక్కనే పడుకుంది."